పెద్ద టైర్లు వేస్తే ఇసుకలో దిగబడదా?

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మాది కవిటి దగ్గర పల్లె. తిత్లీ తుఫానుకి పోయినవి పోగా మళ్లీ వేసిన కొబ్బరి, కొంత జీడి తోట ఉన్నాయి. రెండేళ్ల కిందట విశాఖలో 2017 మోడల్ ఇసుజు వి-క్రాస్ పికప్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందేది. కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది, ఏమీ మార్చలేదు. టైర్ల మీద 245/70 ఆర్ 16 111 ఎస్ అని ఉంది. అవి అరిగిపోయాయి. పోయిన నెల పది బస్తాల జీడి పిక్కలు వేసుకుని తోటలోంచి వస్తుంటే ఇసుకలో వెనక చక్రాలు దిగబడిపోయాయి. ట్రాక్టరు తెచ్చి లాగించాం. మా బావమరిదికీ ఇదే బండి ఉంది. 265/75 ఆర్ 16 మడ్ టైర్లు వేయించాడు. చూడ్డానికి ఏనుగులా ఉంది. "నువ్వూ అవే వేయించు బావా, ఇంకెక్కడా ఆగదు" అంటున్నాడు. మెకానిక్కేమో బండిని పైకి లేపే రెండంగుళాల లిఫ్ట్ కిట్ కూడా పెట్టాలంటున్నాడు. మైలేజీ 12 నుంచి 10.5కి పడిందని బావమరిదే ఒప్పుకున్నాడు. నేను వారానికోసారి హైవే మీద బరంపురం, నెలకోసారి సాలూరు ఘాట్ ఎక్కి కొరాపుట్ వెళ్తాను. ఇంత డబ్బు పెట్టి తప్పు చేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది. ఏ టైర్లు వేయమంటారు?

జవాబు: 265/75 వద్దు. లిఫ్ట్ కిట్ అసలే వద్దు. మీ పాత సైజులోనే, అంటే 245/70 ఆర్ 16లోనే, మంచి ఆల్ టెర్రైన్ (తారుకీ మట్టికీ రెంటికీ పనికొచ్చే) టైర్లు ఐదు కొనండి. ఐదెందుకో తర్వాత చెప్తాను. మిగిలిన డబ్బులో 12 వోల్టుల గాలి కంప్రెసరు ఒకటి, గాలి కొలిచే గేజి ఒకటి కొని సీటు వెనక పడేయండి. తొందరలో ఉంటే ఇక్కడితో ఆపి షాపుకి వెళ్లొచ్చు. మీ బావమరిదితో వాదన పెట్టుకోవాలంటే మాత్రం మిగతాదీ చదవండి.

అసలు మీ బండి ఎందుకు దిగబడింది? ఉద్దానం ఇసుక గురించి మీకు చెప్పడం తాతకు దగ్గులు నేర్పినట్టే. అయినా టైరు వైపు నుంచి ఒకసారి చూడండి. ఇసుకలో టైరు తవ్వకూడదు, పైన తేలాలి. మడ్ టైరు బటన్లు, అంటే పైన ఉబ్బెత్తుగా ఉండే రబ్బరు గడ్డలు, పుట్టిందే బురద కోసం. బురదలోకి దిగి, అడుగున ఉన్న గట్టి నేలను పట్టుకుని, పట్టిన మట్టిని విదిలించుకుంటూ పోతాయి. వరి మడి గట్ల పక్కన, చెరువు కింద, గెడ్డ దాటేచోట వాటికి సాటి లేదు. పొడి ఇసుకలో అడుగున పట్టుకోవడానికి ఏముంది? కుక్క గొయ్యి తవ్వినట్టు తవ్వుకుంటూ పోతాయి. మీరు ఇంకాస్త యాక్సిలరేటర్ తొక్కుతారు, అది ఇంకాస్త తవ్వుతుంది, వెనక ఇరుసు నడుమ ఉండే హౌసింగ్ గుండు ఇసుక మీద కూర్చుంటుంది. ఇక ట్రాక్టరే గతి.

ఇసుకలో పనికొచ్చేది గాలి తగ్గించడం. లోడు ఉంది కాబట్టి ఆ రోజు మీ వెనక టైర్లలో గాలి బాగా బిగించే ఉండి ఉంటుంది. తారు రోడ్డు మీద అదే సరైన పని. ఇసుకలో మాత్రం అంత బిగువుగా ఉన్న టైరు కత్తిలా కోసుకుంటూ దిగుతుంది. ఖాళీ బండికి 18 నుంచి 20 పీఎస్ఐ (గేజి మీద గాలి ఒత్తిడి చూపే అంకె) దాకా, లోడు ఉంటే 25 దగ్గరకి దించి చూడండి. టైరు అడుగు భాగం నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది. ఒంటె పాదంలా అనుకోండి. అదే బండి, అదే టైరు, అదే ఇసుక, కానీ ఎవరో గట్టి దారి వేసినట్టు వెళ్లిపోతుంది. గాలి తగ్గించినప్పుడు వేగం పెంచొద్దు, స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పొద్దు. టైరు అంచు రిమ్ము మీంచి జారిపోతుంది.

తోట గేటు దాటి రోడ్డెక్కే ముందు మళ్లీ గాలి పట్టించాలి. ఇది మాత్రం మరిచిపోవద్దు. ఎండాకాలం మధ్యాహ్నం హైవే మీద 20 గాలితో లోడు వేసుకుని వెళ్తే టైరు గోడలు మడత పడీ పడీ వేడెక్కి పేలిపోతాయి. కంప్రెసరు కొనమన్నది అందుకే. చిన్న కంప్రెసరు నాలుగు టైర్లకీ గాలి నింపేలోపు టీ తాగేసి, పక్క తోటాయనతో కాసేపు మాట్లాడి రావచ్చు. సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చేది కాకుండా నేరుగా బ్యాటరీకి క్లిప్పులు తగిలించేది తీసుకోండి. ఫ్యూజులు పోవు.

ఇంకో మాట. "వెనక చక్రాలు దిగబడ్డాయి" అని రాశారు. ఫోర్ బై ఫోర్ వేశారా అన్నది రాయలేదు. నాకు అనుమానమే. చాలామంది దిగబడ్డాక వేస్తారు, అప్పటికే పుణ్యకాలం దాటిపోతుంది. ఇసుక మొదలయ్యే ముందే ఫోర్ హైలో (నాలుగు చక్రాలూ, మామూలు వేగం) పెట్టి, లోతుగా అనిపిస్తే బండి ఆపి ఫోర్ లోలో (నాలుగు చక్రాలూ, తక్కువ వేగం, ఎక్కువ బలం) పెట్టి, రెండో గేరులో ఒకే ఊపుతో వెళ్లాలి. చక్రం ఒట్టినే తిరుగుతున్నట్టు అనిపించిన క్షణంలోనే కాలు తీసేయండి. పార, నాలుగు కొబ్బరి మట్టలు ఉంటే అప్పటికి ఇంకా దారి ఉంటుంది. అరిగిన టైర్లు, బిగించిన గాలి, బస్తాకి 80 చొప్పున 800 కిలోల పిక్కలు, టూ వీల్ డ్రైవ్. ఇన్ని కలిసి ముంచితే నింద మాత్రం టైరు సైజు మీద పడింది.

ఇప్పుడు అంకెల్లోకి వెళ్దాం. 245 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అంటే టైరు గోడ ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం, అంటే 171.5 మి.మీ. 16 అంగుళాల రిమ్ము 406.4 మి.మీ. పైనొక గోడ, కిందొక గోడ, మధ్యలో రిమ్ము, కలిపితే మీ టైరు ఎత్తు సుమారు 749 మి.మీ. ఇదే లెక్క 265/75కి వేస్తే 804 వస్తుంది. తేడా 55 మి.మీ. అబ్బో అనిపిస్తుంది. కానీ బండి లేచేది అందులో సగమే, ఎందుకంటే మిగతా సగం ఇరుసుకి పైన ఉంటుంది. అంటే 27 మి.మీ. బొటనవేలు అడ్డంగా పెట్టి చూసుకోండి, కాస్త ఇటూ అటుగా అంతే. ఆ బొటనవేలు కోసం ఏమేం ఇచ్చుకుంటున్నారో చూద్దాం.

టైరు చుట్టుకొలత 7 శాతం పైన పెరిగింది. అంటే ఇంజను ఒక్క చుట్టు తిరిగితే బండి అంతకు ముందుకన్నా 7 శాతం ఎక్కువ దూరం పోవాలి. నున్నటి హైవే మీద ఖాళీ బండికి ఇది పెద్దగా తెలియదు, హాయిగానే ఉంటుంది. ఘాట్‌లో లోడుతో తెలుస్తుంది. మీరు నెలనెలా వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి మీద సాలూరు దాటి సుంకి వైపు ఎక్కుతుంటే, మూడో గేరులో వెళ్లిపోయే మలుపులు రెండో గేరు అడుగుతాయి. ఎత్తు మీద బండి ఆపి మళ్లీ కదిలించినప్పుడల్లా క్లచ్ ఎక్కువసేపు జారుతుంది. పైగా టైరు పెద్దదే కాదు, బరువు కూడా. ఒక్కో మడ్ టైరు మీ పాత టైరు కన్నా ఐదారు కిలోలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ తూగుతుంది. ఆ బరువంతా చక్రం అంచున తిరుగుతూ ఉంటుంది కాబట్టి కదిలించడానికీ కష్టమే, ఆపడానికీ కష్టమే. బ్రేకులేమో పాతవే. చక్రం ఎత్తు పెరిగిన మేరకు, పెడల్ మీద అంతే ఒత్తిడికి బండిని ఆపే బలం తగ్గుతుంది. ఎక్కేటప్పుడు క్లచ్ వాసన మాత్రమే వస్తుంది. దిగేటప్పుడు, ముందు ఇనుప సామాను లారీ, వెనక బస్సు ఉన్నప్పుడు ఆ 7 శాతం గుర్తొస్తుంది.

నేను ఈ మాట పుస్తకం చూసి చెప్పడం లేదు. విజయనగరంలో చాలా ఏళ్లు టైర్ల షాపు కౌంటరు దగ్గర కూర్చున్నవాణ్ని. నా జీపుకి 235/75 ఆర్ 15 టైర్లు ఉండేవి. 31 అంగుళాలవి వచ్చాయి కదా అని నాకు నేనే అమ్ముకుని, నేనే బిగించుకున్నాను. ఊళ్లో రెండు వారాలు ఊరేగాను. తర్వాత ఒక ఆదివారం ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని శృంగవరపుకోట మీదుగా అరకు బయల్దేరాను. అనంతగిరి ఘాట్‌లో సగం దూరం కూడా పోకముందే క్లచ్ కాలిన వాసన. మా అమ్మ "ఎక్కడో గుడ్డ కాలుతోంది, చూడరా" అంది. నేను కిటికీ వైపు చూసి ఊరుకున్నాను. కాఫీ తోటల దగ్గర జీపు నీడలో నిలబెట్టి, పిల్లలకి పులిహోర పెట్టించి, క్లచ్ చల్లారేదాకా ఏదో వంక చెప్తూ గడిపాను. ఇప్పుడు మీ ఉత్తరం చూసి లెక్క వేస్తే నా మార్పూ 7.3 శాతమే, మీ బావమరిది చేసిందీ 7.3 శాతమే. ఆ టైర్లు మళ్లీ నా షాపులోనే, కొన్న ధరలో సగానికి, ఇంకొకాయనకి అమ్మాను. ఏమి చెప్పి అమ్మానో అడగొద్దు.

సాలూరు ఎలాగూ వెళ్తుంటారు కాబట్టి అక్కడ ఆగినప్పుడు ఎవరైనా పాత లారీ డ్రైవరుని కదిలించి చూడండి. ఆ ఊరు బతికిందే లారీల మీద. ఘాట్ మీద బతుకు వెళ్లదీసే మనిషికి టైరు అందం పట్టదు. కిలోమీటరుకి టైరు ఎంత తింటోంది, బ్రేకు ఎంత తింటోంది అన్నదే లెక్క.

మైలేజీ గురించి మీ బావమరిది తన మీద తానే కొంచెం అన్యాయం చేసుకుంటున్నాడు. చక్రం పెద్దదైతే బండి 107 కిలోమీటర్లు నడిచినా మీటరు 100 అనే చూపిస్తుంది. అంటే డీజిల్ ఒక్క చుక్క ఎక్కువ తాగకపోయినా, పాత 12 మైలేజీ మీటరు లెక్కలో 11.2 అయిపోతుంది. ఆయన చెప్పిన 10.5ని 7 శాతం పెంచి చూస్తే నిజమైన మైలేజీ 11.2 దగ్గర ఉంది. నష్టం ఉన్నమాట నిజమే కానీ, ఒకటిన్నర కాదు, 0.8 కిలోమీటరు. అదే లెక్క స్పీడుకీ వర్తిస్తుంది. ముల్లు 80 దగ్గర ఉంటే పాత టైర్ల మీద కన్నా వేగం 7 శాతం ఎక్కువ, అంటే 86 దగ్గర. కంపెనీలు మామూలుగా మీటరుని నిజం కన్నా కాస్త ఎక్కువ చూపేటట్టు పెడతాయి కాబట్టి అందులో కొంత సర్దుకుంటుంది. అంతా సర్దుకుంటుందని నమ్మి హైవే మీద స్పీడ్ కెమెరా ముందు నుంచి వెళ్లకండి. సర్వీసు కూడా మీటరు చూసి చేయిస్తే ఆలస్యమవుతుంది. 10,000కి మార్చాల్సిన ఆయిల్ 10,700కి మారుస్తుంటారన్నమాట.

ఇక పెద్ద టైరు బండికి పట్టడం సంగతి. "పట్టింది కదా, బిగించాం కదా" అంటారు షాపులో. బండి సమంగా నిలబడి, చక్రాలు నిటారుగా ఉన్నప్పుడు చాలా టైర్లు పడతాయి. రాపిడి వచ్చేది స్టీరింగ్ పూర్తిగా తిప్పి, ఒక చక్రం గుంతలోనో రాయి మీదో ఉండి, స్ప్రింగు నలిగినప్పుడు. రివర్స్‌లో ఇంకా ఎక్కువ. ముందు చక్రం వెనక అంచు మడ్‌ఫ్లాపునీ, చక్రం చుట్టూ ఉండే ఆర్చి లోపలి ప్లాస్టిక్‌నీ, దాని వెనక క్యాబిన్‌ని ఛాసిస్‌కి బిగించే మౌంటునీ తగులుతుంది. ఆ మౌంటు దగ్గర ఇనుము కోసేసి "సెట్ చేశాం సార్" అనేవాళ్లు ఉన్నారు. అది బండి ఎముక. కోయనివ్వకండి. నేను షాపులో ఉన్నప్పుడు వాడిన ఉపాయం చెప్తాను. ముగ్గు పిండి కాస్త నీళ్లలో కలిపి ఆర్చి లోపలంతా పూయండి. ఆరాక, బండిలో లోడు పెట్టుకుని, ఏటవాలు గట్టు మీద ఎడమకీ కుడికీ స్టీరింగ్ చివరిదాకా తిప్పి ముందుకీ వెనక్కీ నడపండి. దిగి చూస్తే ఎక్కడ తగిలిందో తెల్లటి పూత మీద గీత పడి ఉంటుంది. ఏ కొత్త సైజు వేసినా, షాపు గుమ్మం దాటకముందే ఈ పరీక్ష చేసుకోవచ్చు. షాపువాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

రాపిడి తప్పించడానికి కొందరు స్పేసర్లు పెట్టి చక్రాన్ని బయటికి నెడతారు, కొందరు లిఫ్ట్ కిట్ పెడతారు. స్పేసర్లు వీల్ బేరింగుల ప్రాణం తీస్తాయి. లిఫ్ట్ కిట్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ మెకానిక్ దాన్ని ఇసుకకి మందులా చెప్పినట్టున్నాడు. లిఫ్ట్ కిట్ లేపేది ఛాసిస్‌నీ, దాని మీది బాడీనీ. వెనక ఇరుసు, దాని నడుమ ఉండే హౌసింగ్ గుండు లేవవు. అవి చక్రాలతో పాటే ఉంటాయి కాబట్టి ఎంత లిఫ్ట్ చేసినా అంతకుముందు ఎంత కిందున్నాయో అంతే కిందుంటాయి. మీ బండి ఇసుక మీద కూర్చుంది ఆ గుండు మీదే. రెండంగుళాల లిఫ్ట్ పెట్టి ఉన్నా ఆ రోజు ట్రాక్టరు రావాల్సిందే. పైగా ముందు యాక్సిల్ కీళ్లు వాలుగా పనిచేయాల్సి వచ్చి వాటి రబ్బరు బూట్లు త్వరగా చిరుగుతాయి, అలైన్‌మెంట్ కుదరదు, లోడు వేసిన బండి మలుపుల్లో ఊగుతుంది.

చట్టం మాట కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వాటితో తేడా పడేటట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో యజమాని చేసిన ఒక్కో అక్రమ మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని 182ఏ సెక్షను మారింది. టైరు సైజు చూసి దారిలో ఎవరూ ఆపరని మీ బావమరిది అంటాడు. నిజమే కావచ్చు. కానీ ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ సర్వేయరు వచ్చి ముందు ఫొటో తీసేది టైర్లనే. పాత సైజులో ఆల్ టెర్రైన్ వేస్తే ఈ తలనొప్పే ఉండదు, ఎందుకంటే మారింది టైరు సైజు కాదు, దాని మీది బటన్ల తీరు మాత్రమే.

ఆల్ టెర్రైన్ ఎందుకు, మడ్ ఎందుకు కాదు అంటారా? వారానికోసారి బరంపురం అన్నారు. మడ్ టైరు బటన్ల మధ్య సందులు పెద్దవి, తారును తాకే రబ్బరు తక్కువ. వానాకాలం తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే ఎక్కువ దూరం జారుతుంది. దాని రొద కూడా తక్కువేం కాదు, 80 దాటితే పక్క సీట్లో మనిషితో మాట్లాడాలంటే గొంతు పెంచాలి. ఆల్ టెర్రైన్ అటు ఇటూ కాకుండా మధ్యలో ఉంటుంది. తడి ఎర్రమట్టి మీద మీ పాత హైవే టైరు కన్నా చాలా నయం, గోడలు కూడా గట్టివి, జీడి తోటలో కోసిన మోళ్లకి అంత తేలిగ్గా చిరగవు.

ఇంత చెప్పినా "కొంచెం ఎత్తు పెరిగితే బాగుండు" అని మనసు పీకుతుంటే ఒక మధ్యే మార్గం ఉంది: 245/75 ఆర్ 16. వెడల్పు అదే, రిమ్ము అదే, గోడ మాత్రం 12 మి.మీ. పొడుగు. చిటికెన వేలి మందం పెరుగుతుంది. మొత్తం ఎత్తు 774 మి.మీ., తేడా 3.3 శాతం. సైజు మార్పు 3 శాతం లోపు ఉండాలని టైర్ల వాళ్లు చెప్పే మాట. ఇది ఆ గీతని కాస్త దాటి నిలబడింది. వెడల్పు పెరగలేదు కాబట్టి రాపిడి భయం తక్కువ. 2020లో వచ్చిన థార్ ఏఎక్స్ రకాలకి కంపెనీ ఇచ్చిన సైజు ఇదే కాబట్టి దొరకడం కూడా తేలిక. రాత్రి పలాస దగ్గర టైరు చీలితే, మర్నాడు శ్రీకాకుళంలో దొరికే సైజు మేలా, కొరియర్‌లో వచ్చేదాకా వారం ఎదురుచూసే సైజు మేలా? ఇది కూడా ఆర్సీ లెక్కలో మార్పు కిందకే రావచ్చు కాబట్టి, వేసే ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగి ఒక కాగితం మీద రాయించుకోండి, ఇన్సూరెన్స్ వాళ్లకీ తెలియజేయండి. రాసివ్వం అంటే 245/70కే వచ్చేయండి. నా ఓటు ఎలాగూ దానికే.

ఏ సైజు తీసుకున్నా, సైజు తర్వాత ఉండే అంకె చూడండి. మీది 111. అంటే ఒక్కో టైరు 1,090 కిలోలు మోయగలదు. కొత్తవి అంతకు తగ్గకూడదు. 245/70లోనే 107 ఉన్నవి కూడా దొరుకుతాయి, అవి 975 కిలోలవి, కాస్త చవగ్గా వస్తాయి. తీసుకోకండి. సైజుకి ముందు ఎల్‌టీ అని ఉంటే అవి బరువు బళ్ల రకం. అంతే బరువు మోయడానికి వాటికి ఎక్కువ గాలి కావాలి, డోరు పక్కన అంటించిన గాలి పట్టీ వాటికి పనికిరాదు. షాపులో అడిగి వేరే లెక్క తీసుకోవాలి.

టైరు మోస్తుంది కదా అని బండి మోయదు. పెద్ద టైర్లు వేస్తే ఎక్కువ లోడు లాగొచ్చని అనుకునేవాళ్లని చాలామందిని చూశాను. కమాన్లు అవే, ఇరుసు అదే, బ్రేకులు అవే. మీ ఆర్సీలో ఖాళీ బండి బరువు, లోడుతో కలిపి ఉండాల్సిన మొత్తం బరువు రెండూ ఉంటాయి. ఒకదాంట్లోంచి ఒకటి తీసేయండి. అందులోంచి మీ బరువు, పక్క సీట్లో మనిషి బరువు కూడా తీయండి. మిగిలినదాన్ని 80తో భాగిస్తే ఎన్ని బస్తాలో వస్తుంది. పది రాదని నా అనుమానం. ట్రాక్టరు కిరాయి ఇచ్చేకన్నా రెండు ట్రిప్పులు వేయడం చవక.

ఐదు టైర్లు ఎందుకన్నానంటే, మీది ఫోర్ బై ఫోర్. ఫోర్ వీల్‌లో ఉన్నప్పుడు ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకే చుట్టుకొలత ఉండాలి. రెండు కొత్తవి వేసి రెండు అరిగినవి ఉంచితే, రబ్బరు మందం తేడా వల్లే ఎత్తు ఒకటిన్నర సెంటీమీటరు దాకా తేడా పడుతుంది. గట్టి నేల మీద ఫోర్ వీల్ వేసి నడిపితే ఆ తేడాని గేరు పళ్లు మోయాలి. స్టెప్నీ కూడా అదే సైజు ఉండకపోతే దారిలో ఇరుక్కుంటారు. పికప్పుల్లో స్టెప్నీ వెనక తొట్టి కింద వేలాడుతుంది. 265/75 అక్కడ సరిగ్గా కూర్చోకపోతే తొట్టిలో వేయాలి, అప్పుడు రెండు బస్తాల చోటు పోతుంది.

స్టెప్నీ అనగానే గుర్తొచ్చింది. బండి సెకండ్ హ్యాండ్ కదా, కిందికి దూరి దాని గోడ మీద నాలుగంకెలు వెతకండి. 2317 అని ఉంటే 2017లో 23వ వారం తయారైందని అర్థం. మొదటి ఓనరు నుంచి ఇప్పటిదాకా కిందికి దిగని స్టెప్నీలు చాలా చూశాను. బటన్లు కొత్తగా మెరుస్తుంటాయి, గోడలు మాత్రం ఎండిన చెరువులా పగిలి ఉంటాయి. కొత్త టైర్లు కొనేటప్పుడు కూడా ఆ అంకెలే చూడండి. ఏడాది దాటిన సరుకైతే ధర తగ్గించమనండి, రెండేళ్లు దాటితే వెనక్కి ఇచ్చేయండి.

వచ్చే పండక్కి బావమరిది ఇంటికి వచ్చినప్పుడు, ఆయన భోజనానికి కూర్చున్నాక, ఆ ఏనుగు ముందు చక్రం వెనకాల ఆర్చి లోపల చెయ్యి పెట్టి తడమండి. ప్లాస్టిక్ గరుగ్గా ఉండాల్సిన చోట నున్నగా తగిలితే టైరు రాసుకుంటోందన్నమాట. ఆయనకి మెల్లిగా చెప్పండి, వాళ్లావిడ పక్కన లేనప్పుడు.